ముందు చెప్పాల్సిన మాట

ఇవాంజెలిన్ గొంతు బంగారమని జనార్దనరావు అనేవాడు. ఆ గొంతునే నమ్ముకుని అతను కాశీబుగ్గ బస్టాండు వెనక మేడమీద ఒక గది అద్దెకి తీసుకున్నాడు. రెండు బల్లలు, రెండు ఫోన్లు వేశాడు. పలాసకీ టెక్కలికీ మధ్య హైవే పక్కన జీడితోట నరికి చదును చేసిన నేలని ముక్కలు ముక్కలుగా అమ్మడం మొదలుపెట్టాడు. అది రెండువేల ఏడో సంవత్సరం. ఎటు చూసినా లేఔట్లే, సున్నం కొట్టిన సరిహద్దు రాళ్లే. నిన్నటిదాకా జీడిపిక్కలు ఏరుకున్న చోట వీధుల పేర్లు రాసిన బోర్డులు లేచాయి. వీధులు మాత్రం లేవలేదు.

ఇవాంజెలిన్‌ది మందస. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. తల్లి మగ్దలీన పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్లి వెళ్లి వేళ్ల చివర్లు నల్లబడిపోయిన మనిషి. కూతురు టెక్కలి కాలేజీలో డిగ్రీ చదివి, ఫ్యాను కింద కూర్చుని మాట్లాడితే జీతం ఇచ్చే పనిలో చేరిందంటే ఆ తల్లికి దేవుడు తలుపు తట్టినట్టే ఉంది.

పని ఏమిటంటే, ముక్కూ మొహం తెలియని మనుషులకి ఫోన్ చేసి ప్లాటు కొనమని అడగడం. జనార్దనరావు విశాఖపట్నంలో రెండు రోజులు శిక్షణ పొంది వచ్చి ఒక కాగితం గోడకి అంటించాడు. "మనం పిలవని పేరంటానికి వెళ్తున్నాం. మర్యాద తప్పితే మెడపట్టి గెంటుతారు" అన్నాడు. అందుకని పేరు పక్కన గారు పెట్టాలి. మొగుడి పేరు చెప్పి, ఆ పేరుకీ గారు పెట్టి, ఇల్లు అదేనా అని నిర్ధారించుకోవాలి. నిలబడి వినేవాళ్లు తొందరగా పెట్టేస్తారు గనక ముందు కూర్చోమనాలి. ఆ తర్వాత గొంతు తగ్గించి, కుటుంబం విషయమై ఒక ముఖ్యమైన మాట చెప్పాలనాలి. ప్లాటు సంగతి అప్పుడు గాని రాకూడదు.

ఆ కాగితం టౌన్లో బాగానే పనిచేసింది. మాస్టర్లు, గుమాస్తాలు, పెన్షనర్లు గారు వినగానే గొంతు సవరించుకునేవాళ్లు. కొనకపోయినా, "ఎంత మర్యాదగా మాట్లాడావమ్మా" అని పెట్టేసేవాళ్లు.

కార్తీకమాసంలో ఒక గురువారం జనార్దనరావు కొత్త జాబితా తెచ్చాడు. ఉద్దానం తీరం ఊళ్లలో పొదుపు సంఘాల ఆడవాళ్ల పేర్లు, మొగుళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు. ఎక్కడినుంచి తెచ్చాడో ఆమె అడగలేదు. మొదటి పేరు జోగమ్మ. భర్త బంగారయ్య. ఊరు కొత్తగెడ్డపేట. నంబరు ఆమెది కాదు, ఊళ్లో కూర్మయ్య కొట్టుది.

మూడు రోజులుగా రేడియోలో అల్పపీడనం అల్పపీడనం అని చెప్తున్నారు. పలాసలో ఆ మాటకి అర్థం గొడుగు. తీరంలో దాని అర్థం వేరు. ఇవాంజెలిన్‌కి అది తట్టలేదు. ఫోన్ చేసింది.

"ఎవురు?" అంది ముసలి గొంతు.

"నమస్కారమండీ. జోగమ్మ గారితో మాట్లాడొచ్చాండీ?"

"జోగమ్మ... గారా?"

"అవునండీ. బంగారయ్య గారి భార్య."

అవతల బల్ల వెనకనుంచి లేచిన చప్పుడు. తర్వాత, "ఉండండి, పిలిపిత్తాను" అన్నాడు ఆ ముసలాయన. అంతవరకూ ఏకవచనంలో ఉన్నవాడు అండీలోకి మారాడు. ఇవాంజెలిన్ దాన్ని తన మర్యాదకి దక్కిన ఫలితం అనుకుంది.

అవతల ఏం జరిగిందో ఆమెకి తర్వాత తెలిసింది. ఆ కొట్టులో ఫోను పెట్టిన నాటినుంచి జోగమ్మని గారు అన్నవాళ్లు లేరు. కూర్మయ్య రిసీవరు బల్లమీద పెట్టి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని తనే బయల్దేరాడు. ఇసకలో నెత్తళ్ల చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు ఆ తలపాగా లేని తల చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. చేతిలో పని వదిలేసి వెనకాలే నడిచారు. జోగమ్మ కొట్టుకి చేరేసరికి ఆమె చుట్టూ పదిమంది ఉన్నారు.

"ఎవురు బాబూ?" ఆమె గొంతులో ఎగశ్వాస.

"నమస్కారం జోగమ్మ గారూ. మీ వారు బంగారయ్య గారే కదండీ?"

"ఆ."

"మీరు ఒకసారి కూర్చోండమ్మా. మీ కుటుంబం విషయమై ఒక ముఖ్యమైన మాట చెప్పాలి."

అవతల ఊపిరి ఆగిపోయింది. ఆ తర్వాత లేచిన కేకకి ఇవాంజెలిన్ రిసీవరుని చెవినుంచి దూరంగా లాగింది. ఏదో బల్లకి కొట్టుకున్న చప్పుడు. పదిమంది ఆడవాళ్ల ఏడుపు ఒకేసారి. దాని మధ్యలో చిన్నగా, స్పష్టంగా, గాజు పగిలిన చప్పుడు. ఒకసారి కాదు. రెండు చేతులవీ.

"అమ్మా! అమ్మా, వినండి!" అని అరిచింది ఇవాంజెలిన్. వినేవాళ్లు లేరు. రిసీవరు వైరుకి వేలాడుతోంది.

జనార్దనరావు తలెత్తాడు. "ఏమైంది?"

"సార్, ఆవిడ... వాళ్లాయన పోయాడని చెప్పాననుకుంది."

"నువ్వు అలా అన్నావా?"

"లేదు సార్. కాగితంలో ఉన్నదే అన్నాను."

"అయితే మన తప్పు లేదు. పెట్టేయ్. తర్వాత నంబరు."

తర్వాత నంబరు అదే ఊళ్లో కామాక్షమ్మది, సెల్లు. ఇవాంజెలిన్ ఆ నంబరు కొట్టింది. ఈమెతో చెప్పి కొట్టుకి పంపుదామని. కాని ఏడాదిగా అలవాటైన నోరు.

"నమస్కారం కామాక్షమ్మ గారాండీ? మీరు కంగారు పడకండమ్మా..."

"ఓలమ్మో! నా కొడుకా!" అని ఆమె మొదలుపెట్టింది. బంగారయ్యలాగే ఆమె కొడుకూ సముద్రంమీదికి చేపల వేటకెళ్లినవాడే.

అప్పుడు ఇవాంజెలిన్ గొంతులోంచి కాలేజీ, కాగితం, విశాఖపట్నం శిక్షణ అన్నీ ఊడిపోయాయి. బల్లమీద చరిచి అరిచింది. "ఓలప్పా! ఎవుడూ సావనేదు! నాను కాశీబుగ్గలో ప్లాట్లమ్ముకున్న గుంటని! బేగి కొట్టుకాడికెళ్లి జోగమ్మకి సెప్పప్పా, ఎవుడూ సావనేదని!"

ఏడుపు టక్కున ఆగింది. "ప్లాట్లేటే? సావు కబురులాగ మొదలెట్టి ప్లాట్లేటే, నీ కడుపు కాలా!" అంది కామాక్షమ్మ. ఆమె పరుగెత్తుతున్న చప్పుడు, ఇసకలో చెప్పుల చప్పుడు, సెల్లులో వినబడుతూనే ఉంది.

తిట్టు వింటే ఇవాంజెలిన్‌కి ప్రాణం లేచి వచ్చింది. కాని గాజులు అప్పటికే పోయాయి.

*

ఆదివారం ఆమె చర్చికి వెళ్లలేదు. పూండి దాకా బస్సు, అక్కణ్నించి ఆటో. దారి పొడవునా జీడి, కొబ్బరి, పనస, ఆ పైన ఇసక, ఆ పైన సముద్రం. కూర్మయ్య కొట్టు గట్టు సిమెంటుది. దాని కింద ఇసకలో ఆకుపచ్చ గాజు ముక్కలు ఇంకా ఉన్నాయి.

"ఫోను గుంటవి నువ్వేనా?" అన్నాడు కూర్మయ్య.

"అవును తాతా."

"ఒచ్చినావా. బాగుంది. ఒస్తావనుకోనేదు."

గట్టుమీద ఉన్న ఆడవాళ్లు ఆమె బొట్టులేని మొహం చూశారు. "బాప్టిస్టోల పిల్లే" అంది ఒకామె. "ఏ ఓలైతేటి, నోరు మాత్రం పోలీసోడి నోరు" అంది ఇంకొకామె. అది కామాక్షమ్మ. గొంతు గుర్తుపట్టింది ఇవాంజెలిన్.

జోగమ్మ తన గుమ్మం ముందు టార్పాలిన్ పరదామీద నెత్తళ్లు తిరగేస్తూ కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. రెండు మణికట్ల మీదా ఎండిన గీతలు. చేతులు బోసి.

"క్షమించండమ్మా, నేను మిమ్మల్ని..." అని మొదలుపెట్టింది ఇవాంజెలిన్.

జోగమ్మ వెనక్కి జరిగింది, దెబ్బ తగిలినట్టు. "ఆ అండీలు ఇక్కడొద్దు."

ఇవాంజెలిన్ ఇసకలో ఆమె పక్కన కూర్చుని అక్కని పిలిచినట్టు పిలిచింది. "అప్పా, నాను నీకు సావు కబురు సెప్పనేదు. ప్లాటు కొనమని అడగడానికి సేసినాను. నిజం."

"మరైతే గారెందుకన్నావు?"

ఇవాంజెలిన్ మర్యాద కోసం అని చెప్పబోయి నోరు మూసుకుంది.

"మా తమ్ముడు సముద్రంలో పోయినప్పుడు పోలీసు టేసను నుంచి ఒకాయనొచ్చినాడు" అంది జోగమ్మ, చేపలు తిరగేస్తూనే. "అంతకు ముందు వల కోసీసినారని మా మావా నానూ అదే టేసనుకి ఎలితే, 'పోవే బయిటికి, కంపు' అన్నోడే ఆడు. ఆ రోజు మాత్రం నన్ను 'కూకోండమ్మా' అన్నాడు. ఎవురింట్లోదో కుర్సీ తెప్పించి ఏయించినాడు. ఆడింకా నోరు ఇప్పనేదు. ఆ కుర్సీ సూడగానే నాకు తెలిసిపోనాది." చేతులు దులుపుకుంది. "బతికున్నోల్లింటికి కుర్సీ ఎవురేస్తారమ్మా? నువ్వూ కూకోమన్నావు. నీకు మా మావ సంగతి తెలుసు. ఇప్పుడు ఎవులో దాయమన్నారు, దాస్తన్నావు."

అదీ సంగతి. ఈ దేశంలో వేటగాడి ఇంటి ఆడదాన్ని ఆఫీసు మనిషి మనిషిలా పలకరించాలంటే ఆమె ఇంటి మగాడు శవం కావాలి. ఆ లెక్క జోగమ్మకి తెలుసు, కొత్తగెడ్డపేటలో పసిపిల్లకి తెలుసు. కాగితం రాసినవాడికి తెలియదు. చదివిన ఇవాంజెలిన్‌కీ తెలియలేదు. జీడిపిక్కలు ఒలిచే తన తల్లిని ఏ మేస్త్రీ గారు అనలేదని తెలిసి కూడా తెలియలేదు.

బంగారయ్య ఒరిస్సాలో పరదీప్ రేవునుంచి నడిచే బోటుమీద ఉన్నాడు. దసరా దాటాక వెళ్లాడు. బోటు ఒకసారి కదిలితే పది పన్నెండు రోజులు నీళ్లమీదే, ఫోను అందదు. బతికున్నాడని చెప్పడానికి ఎవరి దగ్గరా రుజువు లేదు. అల్పపీడనం మాత్రం ఉంది.

"గాజులు తొడుక్కోమని నువ్వైనా సెప్పు తాతా" అంది ఇవాంజెలిన్, తిరిగి కొట్టు దగ్గరికి వచ్చి.

"నాను సెప్తే అయ్యేది కాదు. కబురు ఇని పగలగొట్టుకున్న గాజులు, ఆ మనిషి మాట ఇన్నాకే మళ్లీ. మా ఊరి కట్టు అది. ఆడు గుమ్మంలోకి రావాల, లేదంటే ఆడి నోటి మాట దీని సెవిన పడాల." కూర్మయ్య గొంతు తగ్గించాడు. "మొన్న పూండి సంతకి ఎండుసేపలు ఎత్తుకెళ్లింది. బోసి సేతులు సూసి ఒక్కరూ బోణీ సెయ్యనేదు. గంపతో ఎల్లి గంపతో ఒచ్చింది. అటు ముండమోపీ కాదు, ఇటు ముత్తైదా కాదు. ఎన్నాల్లో ఇలాగ?"

ఇవాంజెలిన్ బోటు పేరు అడిగింది. 'మా తారిణి', ఒడియావాళ్ల అమ్మవారి పేరు. నీలం రంగు, పేరు ఒడియా రాతల్లో.

*

ఆ వారమంతా ఆమె మధ్యాహ్నం అన్నం మానేసి బస్టాండు పక్క ఎస్టీడీ బూతులో నిలబడింది. తనకి వచ్చిన పని ఒకటే, తెలియనివాళ్లకి ఫోన్ చేయడం. దాన్నే చేసింది. పరదీప్‌లో చేపల కంపెనీలు, డీజిలు బంకులు, ఐసు ఫ్యాక్టరీలు, దొరికిన నంబరల్లా. "నమస్కార ఆజ్ఞా" అని ఒడియాలో మొదలుపెట్టేది; ఆజ్ఞా అంటే అక్కడి అండీ. కొందరు పెట్టేశారు. కొందరు వెటకారం చేశారు. ఒకాయన, "ఏమిటి అమ్ముతున్నావు?" అని అడిగాడు. "ఏమీ అమ్మడం లేదు" అంది ఆమె. ఏడాదిలో ఫోన్లో ఆ మాట అనడం అదే మొదలు.

బుధవారం ఒక ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా దొరికాడు. మనిషి మంచివాడు, నత్తివాడు. "మా తారిణిలు ఇక్కడ మూడున్నాయి. నీలందా? అది ఇంకా రాలేదు" అన్నాడు. కొంచెం ఆగి, "రావాల్సిన రోజు సోమవారం" అన్నాడు.

ఆమె రిసీవరు పెట్టకుండా వేళ్లమీద రోజులు లెక్కపెట్టింది. వెనకాల వరసలో ఉన్న మనిషి, "బేగి కానీ అమ్మా" అంటున్నాడు. అంతవరకూ తన తప్పు ఒక తప్పుడు కబురు అనుకుంది. ఆ కబురు నిజమైపోతే? అప్పుడు జోగమ్మ జన్మలో నమ్మదు, తనకి ముందే తెలియదంటే. తను కూడా నమ్మలేదేమో.

గురువారం రాలేదు. శుక్రవారం రాలేదు. శనివారం గుమాస్తా ఫోను ఎత్తలేదు. ఇంటిదగ్గర మగ్దలీన బంగారయ్య పేరు చెప్పి మోకాళ్లమీద ప్రార్థన చేసింది. అతనెవరో ఆమెకి తెలియదు. కూతురు అన్నం ముట్టడం లేదని మాత్రం తెలుసు.

శనివారం సాయంత్రం జనార్దనరావు పిలిచాడు. "ఆ ఊరెళ్లి మన పేరు చెప్పావట?"

"చెప్పాను సార్."

"తీరం వాళ్లని బస్సులో తెచ్చి సైటు చూపించాలని నేను చూస్తుంటే, నువ్వు వెళ్లి తప్పు మాదేనని ఒప్పుకుని వస్తావా? ఇంకోసారి వెళ్తే సోమవారం ఇక్కడికి రాకు."

ఆదివారం ఆమె మళ్లీ వెళ్లింది.

కూర్మయ్య కొట్టు ఫోనునుంచే ఐసు ఫ్యాక్టరీకి చేసింది. ఊరు ఊరంతా గట్టు చుట్టూ చేరింది. జోగమ్మ మాత్రం పది అడుగుల దూరంలో, కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడింది. ఆ ఫోను దగ్గరికి రానంది.

"ఆఁ, నీలం బోటు!" అన్నాడు గుమాస్తా. "తెల్లవారుజామున రేవులో కట్టారు. పేరేమన్నావు? ఉండు, మనిషిని పంపుతాను."

ఇవాంజెలిన్ అది ఎవరికీ చెప్పలేదు. బోటు వచ్చిందంటే అందరూ వచ్చినట్టు కాదు. రిసీవరు చెవికి అదిమిపెట్టుకుని నిలబడింది. అవతల ఐసు మర చప్పుడు. ఎవరో ఒడియాలో నవ్వుతున్నారు. చాలాసేపటికి తడి కాళ్లు నేలమీద పరుగెత్తిన చప్పుడు.

"ఎవురండీ?" అంది ఒక మగగొంతు. భయంతో బిగుసుకుపోయిన గొంతు. అతనూ అండీ అన్నాడు.

బంగారయ్య గారేనాండీ అని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"అన్నా, ముందు ఇను. మీ ఇంట్లో ఎవలికీ ఏటీ అవనేదు. అందరూ బాగున్నారు."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు, కెరటం ఇసకమీద విరిగి వెనక్కి పోయినట్టు. "మరెందుకు సేసినావే తల్లీ? పేనం పోనాది నాకు. సావు కబురేమో అనుకున్నాను" అన్నాడు.

ఇవాంజెలిన్ జోగమ్మకేసి చెయ్యి ఊపింది. జోగమ్మ కదల్లేదు. కామాక్షమ్మ వెళ్లి ఆమె రెక్క పట్టి లాక్కొచ్చింది. జోగమ్మ రిసీవరు ముట్టుకోలేదు. ఇవాంజెలినే ఆమె చెవికి ఆనించి పట్టుకుంది.

"మావా?"

"ఏటే, బుద్దుందేటే నీకు?" అరుపు గట్టుమీద అందరికీ వినబడింది. "బోటు కడితే కట్టగానే, ఐసు దించుతున్నోడిని దించనీకుండా ఫోనుకి లాగించినావు! రేవులో అందరి ముందూ పరుగెట్టించినావు! గుంటలు బాగున్నారా? సెప్పవేటే, నోరు పడిపోనాదా?"

జోగమ్మ చెవి ఇంకా దగ్గరికి ఆనించింది. "తిట్టు" అంది.

"ఏటి?"

"ఇంకోపాలి తిట్టు మావా."

అతను తిట్టలేదు. అవతల ఏదో అర్థమైనట్టుంది. "ఏటైందే జోగీ?" అన్నాడు మెల్లిగా. ఆ మెత్తని మాటకి ఆమె గట్టుమీద తల ఆనించి ఏడ్చింది. పది రోజుల ఏడుపు.

కూర్మయ్య మొహం అటు తిప్పుకున్నాడు. కొక్కేనికి వేలాడుతున్న గాజుల కట్టనుంచి ఆకుపచ్చవి డజను తీసి గట్టుమీద పెట్టాడు. కామాక్షమ్మ జోగమ్మ చెయ్యి పట్టుకుని ఒక్కొక్కటీ ఎక్కించింది. గీతలు పడ్డ చోట గాజు తగిలినప్పుడల్లా జోగమ్మ పళ్లు బిగబట్టింది గాని చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆటో ఎక్కబోతుంటే జోగమ్మ ఇవాంజెలిన్ దగ్గరికి వచ్చింది. "ఇంకా ఫోన్లు సేత్తావా?"

"ఉద్యోగం ఉంటే సెయ్యాలప్పా. అదే నా పని."

"సేసుకో. గారూ అను, అండీ అను. మాకేటి, సేదా? అనిపించుకోడానికి మాకూ బాగుంటాది." ఆమె కొత్త గాజులు సర్దుకుంది. "కాని సావు కబురు కాదని ముందు సెప్పు. ఆ తరవాత నువ్వెన్ని గారులు పెట్టినా కూకుని ఇంటాం."

*

రావద్దన్నా సోమవారం ఇవాంజెలిన్ గదికి వెళ్లింది. గోడమీది కాగితం నెత్తిన, మొదటి వాక్యానికి పైన, పెన్నుతో రాసింది: మీ ఇంట్లో ఎవరికీ ఏమీ అవలేదు, ప్లాట్ల గురించి మాట్లాడుతున్నాను.

జనార్దనరావు వచ్చి చదివాడు. "బుద్ధుందా? పొద్దున్నే మనిషికి ఫోన్ చేసి అనే మాటా అది? అపశకునం. ఎవడు కొంటాడు?"

"కొనడం తర్వాత సార్. ముందు కూర్చోవాలి కదా."

"ఆ మాట తీసేయ్. లేదా నువ్వు లే."

ఆమె తీసేయలేదు. లేవలేదు. జాబితాలో కొత్తగెడ్డపేట తర్వాతి ఊరు చూసి ఆ ఊరి కొట్టు నంబరు కొట్టి, జాబితాలో పేరున్నామెని పిలిపించి, స్పీకరు నొక్కింది. జనార్దనరావు లైను కోయడానికి వేలు చాపాడు.

"ఎవురండీ?" అంది అవతల ఒక ఆడగొంతు, బిగుసుకుపోయి.

"అమ్మా, మీ ఇంట్లో ఎవరికీ ఏమీ అవలేదు. కాశీబుగ్గ నుంచి ప్లాట్ల గురించి మాట్లాడుతున్నాను."

గదిలో ఇద్దరికీ వినబడేటట్టు ఆ ఆడమనిషి ఊపిరి వదిలింది. పక్కనెవరితోనో, "ఏటీ కాదే, ఎల్లండి, పన్లు సూసుకోండి" అంటోంది. చాలామంది కాళ్లు వెనక్కి మళ్లిన చప్పుడు.

జనార్దనరావు ఆ కాళ్ల చప్పుడు విన్నాడు. వేలు బటనుమీదే ఉంది గాని నొక్కలేదు.

"ఆఁ," అంది ఆ గొంతు, "కూకున్నాను. ఇప్పుడు సెప్పమ్మా."